ఇల్లు వెనక్కి, చేను కొడుక్కే: లా విభాగం లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఒక సెక్షన్ 23 కేసు

రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లా చెబుతూ, విభాగం తరఫున నడిచే లీగల్ ఎయిడ్ క్లినిక్ పని కూడా చూస్తున్నాను. క్లినిక్ అనగానే పెద్ద ఏర్పాటు ఊహించుకోవద్దు. ఒక గది, రెండు బీరువాలు, ఒక రిజిస్టరు, మూడో ఏడాది మొదలు ఐదో ఏడాది దాకా చదివే పిల్లలు కొందరు, అంతే. బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలో ఇలాంటిది ఉండాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2011లో లీగల్ సర్వీసెస్ క్లినిక్‌ల కోసం విడిగా రెగ్యులేషన్లు తెచ్చింది. ఇన్ని ఉన్నా, చాలాచోట్ల ఈ పని ఏడాదికి నాలుగు క్యాంపులతో తెల్లారిపోతుంది. బ్యానరు కడతారు, సర్పంచిగారు రెండు ముక్కలు మాట్లాడతారు, కరపత్రాలు పంచుతారు, లొకేషన్ పడేలా ఫొటో తీసి అక్రిడిటేషన్ ఫైల్లో పెడతారు. ఒక మనిషి కాగితాన్ని ఆరేడు నెలలు వెంటబెట్టుకు తిరిగితే ఆ ఫైల్లో దానికి గడి కూడా ఉండదు. క్యాంపులు వద్దని కాదు. ఈ కేసు మాకు దొరికింది కూడా ఒక క్యాంపులోనే.

మా పరిమితి ఒకటి ముందే చెప్పాలి. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకులం కాబట్టి మేం వకాలత్ వేయలేం. పిల్లలు ఇంకా లాయర్లుగా ఎన్‌రోల్ కాలేదు. కోర్టులో నిలబడి వాదించే పని మాది కాదు, అది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్లది. మాకు మిగిలేది వినడం, కాగితాలు వెతకడం, రాయడం, వెంట వెళ్లడం. ఈ నాలుగూ చాలే కేసులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదాని గురించి ఇది: చూసుకుంటాడని కొడుక్కి ఆస్తి రాసిచ్చి, చూడకపోయేసరికి వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ఇల్లు వెనక్కి అడిగిన ఒక అవ్వ కేసు. అవ్వ అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, తేదీలు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమె అడిగింది పింఛను

2025లో మండల కేంద్రంలో పెట్టిన క్యాంపుకు ఆమె వచ్చింది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, భర్త పోయాడు, ఒక కొడుకు, ఒక కూతురు. టేబుల్ దగ్గర కూర్చున్న నాలుగో ఏడాది అమ్మాయితో చెప్పిన మాట ఇది: "పింఛను నా చేతిలో నిలవడంల్యా నాయనా. మా పాప వాళ్ల ఊరికి మార్పించండి."

ఫారంలో "సమస్య" అన్న గడి చిన్నది. "పింఛను బదిలీ" అని రాసేసి పక్కవాళ్లను పిలవొచ్చు. ఆ అమ్మాయి అలా చేయలేదు. పింఛను ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇస్తారు కదవ్వా, నాలుగు వేలు, మరి నీ చేతిలో ఎందుకు నిలవడం లేదని అడిగింది. సచివాలయం వాళ్లు వెళ్లగానే కొడుకు తీసుకుంటాడట. ఎక్కడ పడుకుంటున్నావు అంటే కొట్టంలో అంది. కొట్టం అంటే పశువుల కొట్టం. ఇల్లు ఎవరిది అంటే, నాదే, వానికి రాసిచ్చినా అంది.

మా పిల్లలకు ఇంటర్వ్యూ నేర్పేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్కటే. మనిషి అడిగినది ముందు చేయాలి, మనం కనిపెట్టినది తర్వాత. సెక్షన్ 23 కేసు దొరికిందని పిల్లల కళ్లు మెరిసినా, ముందు సచివాలయానికి పోయి వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలిసి పింఛను మార్పిడి దరఖాస్తు పెట్టించాం. అది పూర్తయ్యాకే ఇంటి సంగతి ఎత్తాం. పింఛను చేతికి రావడం మొదలయ్యాక ఆవిడ మాతో మాట్లాడిన తీరే మారింది. అంతవరకూ మేమూ ఆమెకు ఇంకో ఆఫీసు వాళ్లమే.

ఆమె దగ్గరున్న పాలిథీన్ కవర్లో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఒక పాత ఓటరు కార్డు, రెండు రిజిస్టర్డ్ పత్రాల జిరాక్సులు, మడతల దగ్గర చిరిగిన ఒక ఎండార్స్‌మెంట్, అంటే అర్జీకి ఆఫీసు ఇచ్చిన జవాబు, ఉన్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో అంతకుముందే అర్జీ పెట్టుకుందన్నమాట. జవాబు: "కుటుంబ వివాదం అయినందున అర్జీదారు కోర్టును ఆశ్రయించవచ్చును." అర్జీ క్లోజ్. ఆ రాసిన ఉద్యోగి డివిజన్ కేంద్రంలోనే దీనికోసం ఒక ట్రిబ్యునల్ ఉందన్న సంగతి ఒక ముక్క రాసి ఉంటే, ఈ కథ ఇంకో ఏడాది ముందే మొదలయ్యేది.

రెండు పత్రాలూ 2019లో ఒకే రోజు రిజిస్టరైన దాన సెటిల్‌మెంట్లు. ఒకటి, భర్త ఆమె పేరున కొన్న స్థలంలో కట్టిన మిద్దె ఇల్లు. రెండోది, పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లిచ్చిన మూడెకరాల చిల్లర మెట్ట చేను. రెండూ కొడుకు పేరున. ఒకే పత్రంలో కాకుండా విడివిడిగా రాయించడం స్టాంపు లెక్కల కోసమో, దస్తావేజు లేఖరి అలవాటో తెలీదు కానీ, చివరికి మాకు అదే కలిసొచ్చింది.

ఏ దారిన పోవాలి

దానం ఒకసారి ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు స్వీకరించాక, ఇచ్చినవాళ్లు ఒంటిచేత్తో రద్దు చేసుకోవడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ఒప్పుకోదు. రిజిస్టర్ ఆఫీసు దగ్గర ఎవరో ఆమెకు "క్యాన్సిలేషన్ రాయిద్దాం, పది వేలవుతుంది" అని కూడా చెప్పారట. అది నిలిచేది కాదు. సివిల్ కోర్టులో దావా వేయాలంటే మూడేళ్ల కాలపరిమితి చిక్కు, పైగా ఏళ్లు పడుతుంది. గృహహింస చట్టం కింద తల్లి కూడా కొడుకు మీద మేజిస్ట్రేటు కోర్టుకు పోవచ్చు. ఆ దారి తెరిచే ఉంది.

మేం ఎంచుకున్నది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దీని కింద ట్రిబ్యునల్ అంటే మన రాష్ట్రంలో ఆర్డీవో, అప్పీలేట్ ట్రిబ్యునల్ అంటే కలెక్టరు. సివిల్ దావాకు కట్టే కోర్టు ఫీజులాంటిది లేదు, విచారణ క్లుప్తంగా నడుస్తుంది. సెక్షన్ 17 ప్రకారం లాయరు వకాలత్‌తో హాజరు కాకూడదు. లాయర్లకు హాజరై వాదించే హక్కునిచ్చే అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 30కి ఇది విరుద్ధమని కేరళ హైకోర్టు 2021లో తేల్చింది కానీ, మా దగ్గర ఆర్డీవో ఆఫీసుల్లో ఇప్పటికీ వృద్ధులే నిలబడి మాట్లాడుకోవాలి. లాయర్లకు ఇది కోపం తెప్పించే సెక్షనే. లా కాలేజీ క్లినిక్‌కు మాత్రం ఇంతకన్నా సరిపోయిన జాగా ఉండదు. ఎదుటివాళ్లకూ లాయరు లేడు, మనకూ లేడు. ఎవరి కాగితం శుభ్రంగా ఉంటే వాళ్లది పైచెయ్యి.

పోషణ నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించే వీల్లేదని సెక్షన్ 9 అంటుంది. మాకు అది ఇబ్బంది కాలేదు, అంత అడిగే స్థితి ఎవరికీ లేదు. అసలు పని సెక్షన్ 23తో. చట్టం వచ్చాక 60 దాటిన వ్యక్తి, తనను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి, రాసిచ్చిన వ్యక్తి కోరితే ట్రిబ్యునల్ చెల్లదని ప్రకటించవచ్చు.

ఇందులో మాకు రెండు చిక్కులు తగిలాయి. ఒకటి షరతు, రెండోది వయసు.

షరతు ఎక్కడుంది

పత్రంలో ఉన్నదల్లా మామూలు భాషే. నీవు నా కుమారుడవైనందునను, నన్ను ఆదరించుచున్నందునను, నీయందలి ప్రేమాభిమానములచేతను... అని సాగుతుంది. ఇకముందు చూడాలి అన్న మాట ఎక్కడా లేదు. సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో గట్టిగానే చెప్పింది. చూసుకోవాలన్న షరతు ఉన్నట్టు పిటిషన్‌లో చెప్పి, రుజువు చేయాలి. తల్లి బిడ్డకు రాసిచ్చింది కాబట్టి షరతు ఉన్నట్టే అనుకోవడం కుదరదు. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కి దానపత్రం రాసింది, అదే రోజు కొడుకు చివరిదాకా చూసుకుంటానని ఒక వాగ్దాన పత్రం రాశాడు. రెండూ కలిపి చదివి, ఈ చట్టం వృద్ధుల మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా అన్వయించాలని చెప్పి దానాన్ని కొట్టేశారు. ఆస్తి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునళ్లకు ఉందన్నారు.

క్లాసులో అయితే రెండో తీర్పు చదివి సంబరపడొచ్చు. మా అవ్వ దగ్గర వాగ్దాన పత్రం ఏది? పిల్లలు అడిగారు, లేదంది. వేరేలా అడగమన్నాను. "కాగితం ఉందా" అని కాదు, "రాసిచ్చిన రోజు పొద్దున్నుంచి ఏం జరిగింది, చెప్పవ్వా" అని. అప్పుడు బయటికొచ్చింది. రిజిస్టర్ ఆఫీసుకు బయల్దేరే ముందు రోజు సాయంత్రం రామాలయం కట్ట మీద పెద్దమనుషులు కూర్చున్నారు. కూతురికి ఏమిస్తావని అల్లుడు అడిగాడు. మాటలు పెరిగాయి. చివరికి తల్లి బాగోగులు మొత్తం కొడుకే చూసుకోవాలి, అందుకే ఆస్తి మొత్తం కొడుక్కే అని తేల్చి, "ఏదో రాసుకున్నారు" అంది.

ఆ ఏదో ఊళ్లో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో దొరికింది. ఇద్దరు పిల్లలు, నేను వెళ్లాం. ఆయన మొదట తీయనన్నాడు, తగాదాల్లో నన్ను లాగొద్దన్నాడు. రెండోసారి పోయినప్పుడు పాత డైరీలోంచి తీసి చూపించాడు. తెల్లకాగితం, నీలి ఇంకు, రెండు వైపులా రాత. "నా తల్లికి తిండి, బట్ట, మందులు నేనే చూచుకొనగలవాడను, ఇంటియందు ఉండుటకు ఎట్టి అభ్యంతరము పెట్టను" అని కొడుకు ఒప్పుకున్నట్టు. కింద కొడుకు సంతకం, అల్లుడి సంతకం, ముగ్గురు సాక్షులు. అవ్వ వేలిముద్ర లేదు. ఆమె కోసమే రాసిన కాగితంలో ఆమెను ముద్ర వేయమని ఎవరూ అడగలేదు. తేదీ మాత్రం ఉంది, రిజిస్ట్రేషన్‌కు సరిగ్గా ముందు రోజు.

స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఇది పనికొస్తుందా అని పిల్లలు గుంజాటన పడ్డారు. ఇది ఆస్తి బదిలీ చేసే కాగితం కాదు, బదిలీ ఏ ఒప్పందం మీద జరిగిందో చెప్పే కాగితం. క్లుప్త విచారణ చేసే ట్రిబ్యునల్ దీన్ని చూడకూడదనే అడ్డేమీ లేదు. సెక్షన్ 8 సాక్షుల్ని పిలిపించే అధికారం కూడా ఇస్తుంది. ఆయన ఒరిజినల్ ఇవ్వలేదు. ట్రిబ్యునల్ పిలిస్తే తెస్తానన్నాడు. ఫొటో తీసుకుని, ఆయన్ను పిలిపించమని పిటిషన్‌లోనే కోరాం.

అరవై నిండిందా

ఈ చట్టంలో వయోవృద్ధులంటే 60 ఏళ్లు నిండినవాళ్లు. రాసిచ్చేనాటికి ఆమెకు అరవై నిండి ఉండాలి. దస్తావేజులో "సుమారు 58 సం." అని ఉంది. ఆధార్‌లో 01-01-1957. మన పల్లెల్లో సగంమంది ఆధార్ ప్రకారం జనవరి ఒకటినే పుట్టారు కాబట్టి దాని మీద నాకు నమ్మకం లేదు. పైగా పుట్టిన తేదీకి ఆధార్ సరైన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది కూడా. ఆమె బడి మొహం చూడలేదు, స్కూలు సర్టిఫికెట్ అన్న ప్రశ్నే లేదు.

ఒక కుర్రాడు కూతురి టెన్త్ సర్టిఫికెట్ తెచ్చి లెక్క వేశాడు. తల్లికి 2019లో 58 అయితే కూతురు పుట్టేనాటికి పదిహేను, అసాధ్యం సార్ అన్నాడు. మన జిల్లాలో ఆ రోజుల్లో అది అసాధ్యమేమీ కాదని చెప్పేసరికి ముఖం వేలాడేశాడు. చివరికి పనికొచ్చింది ఆ కవర్లో అడుగున ఉన్న పాత ఓటరు కార్డు. 1990లలో మొదటిసారి ఇచ్చిన నలుపు తెలుపు ఫొటో కార్డు. "1-1-1995 నాటికి వయస్సు: 37" అని ఉంది. ఆస్తి గొడవ పుట్టడానికి పాతికేళ్ల ముందు, ఎవరి అవసరమూ లేకుండా రాసుకున్న అంకె. దానికి ఎదురు చెప్పడం కష్టం.

ఆమెకు ఏం కావాలి

పిటిషన్ ముసాయిదా క్లినిక్‌లో చదివి వినిపించినప్పుడు అసలు చర్చ మొదలైంది. పిల్లలు రెండు పత్రాలూ రద్దు, కొడుకు కుటుంబాన్ని ఖాళీ చేయించడం, నెలకు పది వేలు, వృద్ధుల్ని వదిలేసినందుకు సెక్షన్ 24 కింద పోలీసు కేసు అని రాశారు. అవ్వ విని, చేను వద్దంది. చేను తీసుకుంటే వాడు ఏం తిని బతకాల, వానికి అప్పులుండాయి, వేరుశనగ రెండేండ్లుగా పోయింది, అంది. ఇల్లు మాత్రం నా పేరున రావాల అంది. వాళ్లను వెళ్లగొట్టాలా అంటే, మనవరాలు ఎక్కడ చదువుకుంటాది అంది.

ఇద్దరు పిల్లలకు ఇది నచ్చలేదు. గెలిచే కేసును సగం వదులుకోవడమేంటని ఒకమ్మాయి బాగా వాదించింది. ఇల్లొక్కటి తీసుకుంటే కక్ష మిగులుతుంది, ఆస్తి మొత్తం చేతిలో ఉంటేనే కొడుకు మాట వింటాడు అని ఆమె పాయింటు. లాయరుగా ఆలోచిస్తే తప్పు మాట కాదు. కానీ సెక్షన్ 23లోనే ఉంది, రాసిచ్చినవారి ఇష్టం మేరకు అని. ఏ బదిలీని కొట్టేయమని అడగాలో తేల్చుకునేది ఆమె. రెండు పత్రాలూ విడివిడిగా ఉండటం ఇక్కడే కలిసొచ్చింది. ఒకటి అడిగి ఇంకొకటి వదిలేయడానికి చిక్కులేదు.

ఖాళీ చేయించమని అడగకపోవడానికి చట్టపరంగానూ కారణం ఉంది. ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. ఇంటి కోడలికి గృహహింస చట్టం ఇచ్చే నివాస హక్కును వృద్ధుల చట్టం కింద నడిచే క్లుప్త విచారణతో కొట్టిపారేయకూడదు. ఇక్కడ కోడలు ఆ ఇంట్లోనే ఉంటోంది. అవ్వ మనసులో ఉన్నదీ, తీర్పు చెప్పేదీ ఒకే చోటికి వచ్చాయి. ముందు గది ఆమెకు, మిగతా ఇంట్లో వాళ్లు ఉండొచ్చు, ఇల్లు మాత్రం ఆమె పేరున, నెలనెలా పోషణ. పిటిషన్ రెండు పేజీల్లో ముగిసింది.

ఆర్డీవో ముందు

పిటిషన్ తపాలా సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాం. ఆ స్టాంపు లేకుండా ఏ పిల్లా ఆఫీసు మెట్లు దిగకూడదన్నది మా క్లినిక్‌లో నియమం.

ఆమె తనంతట తానే మాట్లాడాలి కనుక, క్లినిక్‌లో రెండు మధ్యాహ్నాలు అలవాటు చేయించాం. ఒక కుర్రాడు ఆర్డీవోగా కూర్చుని గదమాయించాడు. మొదటిసారి ఆమె పెళ్లి నాటి నుంచి మొదలుపెట్టింది. ఆపకుండా విని, అందులో ఏ మూడు సంగతులు ముందు చెప్పాలో ఆమెతోనే ఎంపిక చేయించాం. సమాధానాలు నేర్పలేదు. నేర్పితే ఇంకొకరి గొంతు వినిపిస్తుంది, అధికారులు ఇట్టే పసిగడతారు.

ముందు రాజీ కుదిర్చే కన్సిలియేషన్ ఆఫీసర్‌కు పంపారు. అక్కడ కొడుకు రెండు వేలు ఇస్తా, గది ఇస్తా అన్నాడు. పత్రం జోలికి రావొద్దన్నాడు. అవ్వ లేచి వచ్చేసింది. మళ్లీ ట్రిబ్యునల్. కొడుకు రాసిచ్చిన జవాబులో (కౌంటరులో) రెండు మాటలు గట్టివే. ఇదంతా అక్క ఆడిస్తున్న ఆట అన్నది ఒకటి, అక్క కూడా బిడ్డే కదా, పోషణ ఆమె మాత్రం ఎందుకు ఇవ్వకూడదన్నది రెండోది. చట్టప్రకారం ఈ రెండోది నిజమే. కొడుకూ కూతురూ అన్న తేడా చట్టంలో లేదు, మిగతా సంతానాన్ని కూడా కేసులో చేర్చమని ఎదుటివాళ్లు అడగొచ్చు. చేర్చారు. కూలికి పోయే కూతురు వచ్చి, ఇంటిలో గానీ చేనులో గానీ నాకు ఏమీ వద్దు, ఏడాదిలో కొన్ని నెలలు అమ్మను నా దగ్గర పెట్టుకుంటా, డబ్బు ఇవ్వలేను అని రాసిచ్చింది. ఆట ఆడిస్తోందన్న మాట దాంతో తేలిపోయింది.

రిటైర్డ్ ఉద్యోగి నోటీసు అందుకుని ఒరిజినల్ పట్టుకొచ్చాడు. కొడుకు సంతకం తనది కాదనలేదు. ఆర్డీవో అవ్వ వైపు తిరిగి, మా పిల్లల్ని చూపిస్తూ, "ఏమ్మా, కేసు నువ్వు పెట్టినావా, వీళ్లు పెట్టించినారా?" అన్నారు.

"పెట్టింది నేనే సార్. రాసింది ఈ పిల్లోల్లు."

ఇంకేమైనా చెప్పాలా అంటే, "వాని మీద నాకు కోపంల్యా. చేను వాన్నే పెట్టుకోమను. నా ఇంట్లో నేను పడుకోవాల" అని కూర్చుంది. క్లినిక్‌లో ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు.

పోషణ దరఖాస్తు నోటీసు అందిన 90 రోజుల్లో తేలాలని, మరీ అయితే ఇంకో 30 రోజులని చట్టం. అది దాటిపోయింది. ఎన్నికల జాబితా పనులు, రీసర్వే ఫిర్యాదులు, ప్రొటోకాల్ అన్నీ ఒకే ఆర్డీవో మీద ఉంటే ఇలాగే ఉంటుంది. ఆర్డరు మాత్రం అడిగినట్టే వచ్చింది. ఇంటి దానపత్రం చెల్లదు. ముందు గది, బాత్రూమ్ వాడకం ఆమెకు. నెలకు 3,000 రూపాయలు ఐదో తారీఖులోపు ఆమె బ్యాంకు ఖాతాలో.

ఆర్డరు తర్వాతే అసలు నడక

ఆమె ఖాతాకు లింకైన ఫోన్ నంబరు కొడుకుది. డబ్బు పడినా ఓటీపీ అతనికే పోతుంది. బ్యాంకులో నంబరు మార్పించడం ఆర్డరు రాకముందే చేయాల్సినంత ముఖ్యమైన పని. ఇలాంటి కేసు చేపట్టే ఏ క్లినిక్ అయినా మొదటి రోజే పాస్‌బుక్ వెనక చూడాలి.

తర్వాత రిజిస్టర్ ఆఫీసు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీస్తే ఇల్లు ఇంకా కొడుకు పేరునే చూపిస్తోంది. అతను రేపు ఎవరికైనా అమ్మినా, తాకట్టు పెట్టినా కొనేవాడికీ, అప్పిచ్చేవాడికీ ఆర్డరు సంగతి తెలిసే దారి లేదు. సర్టిఫైడ్ కాపీ పట్టుకుని పోతే, ఇది కోర్టు డిక్రీ కాదు కదా అన్నారు. కోర్టు ఒక పత్రాన్ని రద్దు చేస్తే ఆ కాపీ రిజిస్ట్రారుకు పంపాలని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 31లో స్పష్టంగా ఉంది. ట్రిబ్యునల్ ఆర్డర్లకు అంత స్పష్టమైన వాక్యం ఈ చట్టంలో రాయలేదు. సెక్షన్ల మీద వాదించి లాభం లేదని, ఆర్డీవో ఆఫీసు నుంచే రిజిస్ట్రారుకు నేరుగా లెటరు పెట్టించాం. ఎంట్రీ పడింది. ఇప్పుడు మా ముసాయిదాల్లో ఈ ఆర్డరు కాపీ సబ్ రిజిస్ట్రారుకు పంపాలని ఒక ప్రార్థన మొదటే చేరుస్తున్నాం. పంచాయతీలో ఇంటి పన్ను పేరు కూడా మారింది.

మొదట రాసుకున్న ఇద్దరు పిల్లలు పాసై వెళ్లిపోయారు. ప్రతి ఫైలుకీ ఒక జూనియర్‌ను జత చేసి ఉంచుతాం కాబట్టి పని ఆగలేదు. కొడుకు కొన్ని నెలలు డబ్బు వేశాడు, తర్వాత ఆగింది. బాకీ పడిన మొత్తం కోసం ట్రిబ్యునల్ వారంటు ఇవ్వొచ్చు, అయినా కట్టకపోతే నెల దాకా జైలు. కానీ బాకీ పడిన తేదీ నుంచి మూడు నెలల లోపే దరఖాస్తు పెట్టాలి, లేకపోతే ఆ నెల డబ్బుకు వారంటు రాదు. దరఖాస్తు రాసి సిద్ధంగా పెట్టాం. అవ్వ వేలిముద్ర వేయడం లేదు. కాయ పీకినాక ఇస్తాననె, చూద్దాం అంటోంది. మొదటి బాకీకి గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈ వారంలో జూనియర్ అమ్మాయి ఊరికి పోయి, ఆ తేదీ దాటితే ఏమవుతుందో ఆమెకు ఇంకోసారి చెప్పి, స్టాంపు ప్యాడ్ కూడా వెంట తీసుకుపోతుంది.